నూరు వాట్లలో మనకు అందేవి ఎన్ని?



సోలార్ ప్యానెల్‌ని వెనక్కి తిప్పి చూస్తే ఒక స్టిక్కరు కనిపిస్తుంది. గరిష్ఠ శక్తి 100 వాట్లు అని దాని మీద రాసి ఉంటుంది. చిన్న క్యాంపింగ్ ట్రైలరు మీద ప్యానెళ్లు బిగించుకుందామనుకునేవాళ్లు మొట్టమొదట చదివేది ఆ అంకెనే, కొనేదీ దాన్ని చూసే. ఇవాళ ఆ నూరు వాట్ల వెంట ట్రైలరు టాపు మీద నుంచి లోపలున్న ఫ్రిజ్ దాకా వెళ్దాం. దారిలో ఎక్కడెక్కడ ఎంతెంత జారిపోతోందో తెలిస్తే, ఎన్ని ప్యానెళ్లు కావాలో, ఎలా బిగించాలో, ట్రైలరు ఎక్కడ ఆపుకోవాలో తేల్చుకోవడం కష్టం కాదు.

నేనుండేది అమెరికాలో, అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ దగ్గర. మాది అయిదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు ఉన్న బుల్లి ట్రైలరు. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్తాం. లోపల ఇద్దరు పడుకోవచ్చు. వెనక తలుపు పైకెత్తితే వంటగట్టు, దాని పక్కనే ఓ చిన్న ఫ్రిజ్. ఇలాంటి ట్రైలర్లు ఈ దేశపు రోడ్ల మీద 1930ల నుంచీ తిరుగుతున్నాయి. ఊళ్లకు దూరంగా ఉన్న ప్రభుత్వ భూముల్లో చాలాచోట్ల ఉచితంగా మకాం వేసుకోవచ్చు. మామూలుగా ఒకచోట 14 రోజుల దాకా ఉండనిస్తారు. అక్కడ కరెంటు స్తంభం ఉండదు, కుళాయి ఉండదు. కొందరు జనరేటర్లు తెచ్చుకుంటారు. వాటి మోత చుట్టుపక్కల అందరికీ వినపడుతుంది కాబట్టి జాతీయ పార్కుల క్యాంపు గ్రౌండ్లలో చాలావాటిలో జనరేటరుకి వేళలు పెట్టారు. ఎడారి నిశ్శబ్దం కోసం అంత దూరం వెళ్లి ఇంజను మోత వింటూ కూర్చోవడం నాకు సుతరామూ ఇష్టం లేదు. ప్యానెళ్ల వైపు నా మొగ్గు అక్కడ మొదలైంది.

ప్యానెళ్ల కంటే ముందు ఖర్చు లెక్క వేసుకోవాలి. ఇంటి కరెంటు బిల్లులో యూనిట్ అంటామే, అది 1000 వాట్ అవర్లు. వెయ్యి వాట్ల హీటరు గంటసేపు వేస్తే ఒక యూనిట్ కాలుతుంది. ట్రైలరులో యూనిట్లకు యూనిట్లు ఖర్చుపెట్టే స్తోమత మనకు ఉండదు. మూడు ఎల్ఈడీ లైట్లు సాయంత్రం పూట వెలిగితే ముప్పై వాట్ అవర్లు. టాపులో బిగించిన ఫ్యాను రాత్రంతా నిదానంగా తిరిగితే ఎనభై. రెండు ఫోన్లకు ముప్పై, ఒక ల్యాప్‌టాప్‌కి అరవై. మిగిలినదంతా ఫ్రిజ్‌దే. 12 వోల్టుల మీద నడిచే చిన్న కంప్రెసర్ ఫ్రిజ్ ఎండల్ని బట్టి, మనం మూత ఎన్నిసార్లు తీస్తామన్నదాన్ని బట్టి రోజుకు మూడు వందల నుంచి అయిదు వందల వాట్ అవర్లు తాగుతుంది. మొత్తం మీద రోజుకు అర యూనిట్, మహా అయితే ముప్పావు. ఇద్దరు మనుషులు ఇంత తక్కువతో సుఖంగా బతకవచ్చన్న సంగతి లెక్కవేసుకున్నాక గాని నమ్మబుద్ధి కాదు.

ఈ లెక్కలో ఏసీ లేదని గమనించే ఉంటారు. హ్యూస్టన్‌లో ఉండే మా పిన్ని కొడుకు ట్రైలరు కొన్న కొత్తలో ఫోన్ చేశాడు.

“అన్నయ్యా, టాపు మీద రెండు ప్యానెళ్లు పెట్టిస్తున్నా. రాత్రిపూట ఏసీ వేసుకోవచ్చుగా?”

“వేసుకోలేవురా.”

“పెద్దది కాదన్నయ్యా, కిటికీకి పెట్టే చిన్నదే.”

“ఆ చిన్నదే 500 వాట్లు లాగుతుంది. నీ బ్యాటరీ ఎంత? 12 వోల్టుల 100 ఆంపియర్ అవర్ల లిథియం. నిండుగా ఉంటే పన్నెండు వందల ఎనభై వాట్ అవర్లు. రెండు గంటలు తిరిగేసరికి ఖాళీ అయిపోతుంది. పొద్దున లేచేసరికి ఫ్రిజ్‌లో పాలు విరిగిపోయి ఉంటాయి.”

వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “అయితే వేసవిలో కొండల మీదికే పోవాలన్నమాట” అన్నాడు. సరిగ్గా పట్టుకున్నాడు. కానీ కొండల మీద ఇంకో చిక్కుంది. అక్కడికీ వస్తాను.

ఇప్పుడు టాపు ఎక్కుదాం. ఆ స్టిక్కరు మీది నూరు వాట్లు ప్రయోగశాలలో కొలిచినవి. చదరపు మీటరుకు వెయ్యి వాట్ల వెలుతురు సూటిగా పడాలి, లోపలి సిలికాన్ బిళ్లల వేడి 25 డిగ్రీలు దాటకూడదు. నిండు ఎండలో నల్లటి ప్యానెల్ 25 డిగ్రీల దగ్గర ఎందుకు ఉంటుంది? వేసవి మధ్యాహ్నం అరవై అయిదుకు పోతుంది. పైకి పోయే ప్రతి డిగ్రీకి శక్తిలో వెయ్యింట మూడు నాలుగు వంతులు తగ్గుతుంది. నలభై డిగ్రీలు పెరిగితే నూటికి పద్నాలుగు వాట్లు అక్కడే పోయాయి. వెలుతురు వల్ల కరెంటు పుడుతుంది, వేడి వల్ల తగ్గుతుంది; ఈ రెండూ వేరని చాలామందికి తట్టదు. అందుకే ప్యానెల్‌కీ టాపుకీ మధ్య కనీసం అంగుళం సందు వదలాలి, కింద నుంచి గాలి ఆడాలి. అట్టలా వంగే పల్చటి ప్యానెళ్లు దొరుకుతాయి, జిగురుతో నేరుగా టాపుకే అంటించేయవచ్చు, బరువూ తక్కువే. వాటి జోలికి పోవద్దనే చెబుతాను. కింద గాలి ఆడదు, ఉడికిపోతాయి, తొందరగా పాడవుతాయి. అద్దం, అల్యూమినియం ఫ్రేము ఉన్న మామూలు ప్యానెల్ ఆరేడు కిలోలే. మూడడుగుల పైచిలుకు పొడవు, అడుగుముప్పావు వెడల్పు. మా టాపు మీద ఫ్యానుకి ముందొకటి, వెనకొకటి సరిపోయాయి.

ఇక పొద్దు వాలు. ఇంటి డాబా మీద ప్యానెళ్లని దక్షిణానికి వాల్చి బిగిస్తారు. ట్రైలరు ఇవాళ ఉత్తరానికి తిరిగి ఉంటుంది, రేపు పడమటికి. దిక్కు అంటూ ఉండదు కాబట్టి టాపు మీద పడుకోబెట్టి బిగించడమే అందరూ చేసేది. జూన్‌లో ఇబ్బంది లేదు, మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఇంచుమించు నడినెత్తిన ఉంటాడు. డిసెంబరు చివర హైదరాబాద్‌లో మధ్యాహ్నపు సూర్యుడు ఆకాశంలో 49 డిగ్రీల ఎత్తున ఉంటే, ఫీనిక్స్‌లో 33 డిగ్రీలే. పడుకున్న ప్యానెల్ మీద ఆ ఎండ ఏటవాలుగా జారుతుంది. సూటిగా పడితే నూరు అందేచోట అప్పుడు యాభై అయిదు అందుతుంది. అదీ మధ్యాహ్నం పన్నెండుకు. ఉదయం, సాయంత్రం ఇంకా తక్కువ. రెండు ప్యానెళ్లూ కలిపి జూన్‌లో రోజుకు యూనిట్ పైచిలుకు ఇస్తే, డిసెంబరులో అర యూనిట్ దాటడం కష్టం. మన ఖర్చూ అర యూనిట్టే. ఒక్కరోజు మబ్బు పట్టిందంటే లోటు బ్యాటరీ మీద పడుతుంది.

ఇదే లోటు పెద్దఎత్తున చూడాలంటే జనవరిలో క్వార్ట్‌జ్‌సైట్ వెళ్లాలి. ఫీనిక్స్ నుంచి పడమటగా రెండు వందల కిలోమీటర్లు. చలి రాష్ట్రాల నుంచి దిగి వచ్చిన బళ్లు వేలకొద్దీ అక్కడి ఎడారిలో మకాం వేస్తాయి. ప్రభుత్వం 1983 నుంచీ ఈ ఎడారిలో చలికాలమంతా ఉండేందుకు ప్రత్యేకంగా స్థలాలు కేటాయించింది, సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా. ఆ బళ్ల మధ్య నడుస్తూ పైకి చూస్తే అనుభవమున్నవాళ్లెవరో ఇట్టే తెలిసిపోతుంది. వాళ్ల ప్యానెళ్లు పడుకుని ఉండవు. ఒక అంచున కాళ్లు పెట్టి పైకి లేపి, దక్షిణానికి మొహం పెట్టి నిలబెట్టి ఉంటాయి. బయలుదేరేముందు మళ్లీ దించి, పిన్నులు పెట్టాలి. అది మరిచి రోడ్డెక్కితే ప్యానెల్ తెరచాపే.

ఇప్పుడు కొండల సంగతి. మే నెల వచ్చిందంటే ఫీనిక్స్ ఎడారిలో ఉండలేం. ఫ్లాగ్‌స్టాఫ్ వైపు ఎక్కుతాం, సముద్ర మట్టానికి రెండు వేల మీటర్ల పైన. చల్లటి గాలి, ఎటు చూసినా పాండెరోసా పైన్ చెట్లు. సూర్యుడు నడినెత్తిన ఉండే కాలంలో మనం చెట్ల కిందికి చేరతాం. చెట్టు అనేది లేని ఎడారికి సూర్యుడు వాలిపోయే కాలంలో వెళ్తాం. మనకు హాయినిచ్చే నీడ ప్యానెల్‌కి గిట్టదు. నాకు తెలిసినంతలో సోలార్ పెట్టుకుని నిరాశపడ్డవాళ్లలో ఎక్కువమందిని దెబ్బతీసింది ఈ నీడే.

నీడ ఎంత పడిందో అంతే నష్టం అనుకుంటాం. అలా కాదు. నూరు వాట్ల ప్యానెల్‌లో 36 సిలికాన్ బిళ్లలు ఒకదాని వెనక ఒకటిగా వరసన కలిపి ఉంటాయి. తోటకు నీళ్లు పెట్టే పైపుని ఒకచోట కాలితో తొక్కితే మొత్తం ధార సన్నబడినట్టే, ఒక్క బిళ్ల మీద కొమ్మ నీడ నిలిచినా ఆ వరసంతా సన్నబడుతుంది. దాన్ని తప్పించడానికి వెనకున్న పెట్టెలో బైపాస్ డయోడ్లు పెడతారు, మామూలుగా సగం ప్యానెల్‌కి ఒకటి. అంటే అరచేతంత నీడ పడితే సగం ప్యానెల్ పోతుంది. పిట్ట రెట్ట ఆరిపోయి ఓ బిళ్లని కప్పేసినా అదే గతి. ట్రైలరు టాపు మీద నీడ పెట్టే వస్తువు మనమే పెట్టుకున్నది ఒకటుంది: ఫ్యాను మూత. మూసి ఉంటే బాగానే ఉంటుంది. పైకెత్తగానే, పొద్దు వాలేకొద్దీ దాని నీడ వెనక ప్యానెల్ మీదికి పాకుతుంది. బిగించే ముందే ప్యానెళ్లని ఊరికే టాపు మీద పెట్టి, మూత ఎత్తి, ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం వెళ్లి చూసి రండి. రెండంగుళాలు జరిపితే తప్పిపోయే నీడలు చాలా ఉంటాయి.

నీడ సమస్య ఉంది కాబట్టే రెండు ప్యానెళ్లని వరసలో కాకుండా సమాంతరంగా కలపమంటాను. ఒకదాని మీద నీడ పడ్డా రెండోది తన పని తాను చేసుకుపోతుంది. ఇంతకంటే మంచి ఉపాయం టాపు మీద కాదు, నేల మీద ఉంది. మడిచి సంచిలో పెట్టుకునే మూడో ప్యానెల్, దానికి ముప్పై అడుగుల వైరు. ట్రైలరు చెట్టు నీడలో హాయిగా ఉంటుంది, ప్యానెల్ అవతల ఎండలో పొద్దుకి ఎదురుగా నిలబడుతుంది. పూటకోసారి దిక్కు మారిస్తే పడుకోబెట్టిన రెండింటికీ డిసెంబరులో ఇదొక్కటే ఇంచుమించు సాటి వస్తుంది. టాపు మీది రెండూ రోజూ ఎవరూ ముట్టుకోకుండా పనిచేసేవి, కింది ఒక్కటీ అవసరానికి తీసేది. చిన్న ట్రైలరుకి నాకు నచ్చిన ఏర్పాటు ఇదే.

బిగింపు గురించి నెమ్మదిగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ తేడా వస్తే పోయేది వాట్లు కావు, ట్రైలరే. గంటకు నూటఅయిదు కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నప్పుడు ఎదురుగాలి ఒత్తిడి చదరపు మీటరుకు యాభై కిలోల బరువుతో సమానం. మన ప్యానెల్ అర చదరపు మీటరు. గాలి దాని కిందికి దూరి పైకి లేపజూస్తే పాతిక కిలోల బలంతో లాగుతుంది. పక్క నుంచి లారీ దూసుకెళ్లినప్పుడు ఆ లాగడం కుదుపుగా వస్తుంది. అందుకని నాలుగు మూలలా జెడ్ ఆకారపు అల్యూమినియం బ్రాకెట్లు వేసి, స్టీలు స్క్రూలతో బిగించాలి. పైన కనిపించేది పల్చటి రేకు, దాని కింద ప్లైవుడ్. స్క్రూ దిగేచోట కింద కలప పట్టె ఉండాలి. వేలితో తట్టుకుంటూ వెళ్తే పట్టె వచ్చినచోట చప్పుడు బొంగురు తగ్గి గట్టిగా వినపడుతుంది.

టాపుకి డ్రిల్లు పెట్టడమంటే వానకి దారి ఇవ్వడమే కదా అని అందరికీ గుండె గుబుక్కుమంటుంది. ఆ భయం మంచిదే. రంధ్రం వేశాక పొడి తుడిచి, స్పిరిట్‌తో శుభ్రం చేసి, బ్రాకెట్ పాదం కింద బ్యూటైల్ టేపు ముక్క పెట్టాలి. అది మెత్తటి బంకలా ఉంటుంది. స్క్రూ బిగుస్తున్నకొద్దీ పాదం చుట్టూ అన్ని వైపులా సమానంగా బయటికి పొంగాలి. ఒక వైపు పొంగలేదంటే అటు సందు ఉన్నట్టే. విప్పి మళ్లీ పెట్టండి. పైన స్క్రూ తల మునిగేలా లాప్ సీలెంట్ పోయాలి. ఇంట్లో వాడే సిలికాన్ మాత్రం వద్దు. కొన్నేళ్లకు అది వదిలినప్పుడు ఆ చోట ఇంకేదీ సరిగ్గా అంటుకోదు. వైరు లోపలికి దిగేచోట కూడా ఇంతే జాగ్రత్త. దూరేముందు వైరుని కిందికి ఒక వంపు తిప్పి వదిలితే వాననీరు ఆ వంపు దగ్గర కారిపోతుంది, లోపలికి రాదు. ప్లైవుడ్‌లోకి నీరు దిగితే ఏడాది దాకా బయటికి తెలియదు. తెలిసేసరికి చెక్క మెత్తబడి ఉంటుంది.

తర్వాత, ప్యానెళ్లకీ బ్యాటరీకీ మధ్య ఉండే చార్జ్ కంట్రోలర్. పన్నెండు వోల్టుల బ్యాటరీ కోసమని అమ్మే ప్యానెల్ నిజానికి 18 వోల్టుల దగ్గర అయిదున్నర ఆంపియర్లు ఇస్తుంది. పీడబ్ల్యూఎం అనే చవక రకం కంట్రోలర్ ప్యానెల్‌ని బ్యాటరీ వోల్టేజికి దించేస్తుంది. ఆంపియర్లు అవే, వోల్టులు పదమూడు. నూరు కాస్తా 72 అయింది. ఎంపీపీటీ రకం అయితే ఆ అదనపు వోల్టుల్ని కూడా ఆంపియర్లుగా మార్చి ఇస్తుంది, ఆ పనికి నూటికి అయిదో ఆరో తను తీసుకుంటుంది. టాపు చిన్నది, ఇంకో ప్యానెల్‌కి చోటు లేదు. అలాంటప్పుడు కంట్రోలర్ దగ్గర పొదుపు చేయడం నాకు సమంజసంగా తోచదు. వైరు కూడా అంతే. రెండు ప్యానెళ్ల పదకొండు ఆంపియర్లు అయిదు మీటర్ల దూరం పోయి రావడానికి 14 గేజ్ వైరు వేస్తే దాదాపు ఒక వోల్టు దారిలోనే పోతుంది. 10 గేజ్ వేస్తే మూడో వంతు వోల్టు. కలిపేటప్పుడు కంట్రోలర్‌కి ముందు బ్యాటరీని, ఆ తర్వాతే ప్యానెళ్లని తగిలించాలి. విప్పేటప్పుడు ప్యానెళ్లు ముందు.

బ్యాటరీ దగ్గర రెండు మాటలు. సీసం బ్యాటరీలో సగానికి మించి వాడుకుంటే దాని ఆయుష్షు తగ్గుతుంది, పైగా పాతిక కిలోల పైన బరువు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ అందులో సగం బరువు లేదు, ఇంచుమించు మొత్తం వాడుకోవచ్చు. కానీ బ్యాటరీ లోపలి ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకు దిగితే దాన్ని చార్జ్ చేయకూడదు. లోపల లిథియం లోహంగా పేరుకుని బ్యాటరీ శాశ్వతంగా దెబ్బతింటుంది. ఫ్లాగ్‌స్టాఫ్ చలికాలపు ఉదయాల్లో ఇది మాటవరస ప్రమాదం కాదు. బ్యాటరీని బయట పెట్టెలో కాకుండా మంచం కింద పెట్టుకోవడం మేలు. ప్లస్ వైరు మీద ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి. ఇలాంటి బ్యాటరీ షార్ట్ అయితే వైరు ఎర్రగా కాలడానికి క్షణాలు చాలు.

మన వంటింటి సంగతి వచ్చేది ఇన్వర్టర్ దగ్గర. కొబ్బరి పచ్చడికి మిక్సీ కావాలి. 550 వాట్ల మిక్సీ రెండు నిమిషాలు తిరిగితే ఖర్చయ్యేది పద్దెనిమిది వాట్ అవర్లు, ఫోన్ ఒకసారి చార్జ్ చేసినంత. అయినా ఆ రెండు నిమిషాలూ బ్యాటరీ నుంచి యాభై ఆంపియర్లు పరిగెత్తాలి. శక్తి కొంచెమే, ప్రవాహం ఎక్కువ. బొటనవేలంత లావు కేబుళ్లు, వెయ్యి వాట్ల ప్యూర్ సైన్ ఇన్వర్టర్ ఉంటే మిక్సీ నిక్షేపంగా తిరుగుతుంది. రైస్ కుక్కర్ దీనికి తలకిందులు. వాట్లు అంతే, కానీ అరగంట ఉడకాలి. ఒక్క పూట అన్నానికి డిసెంబరు రాబడిలో సగం పోతుంది. అన్నం గ్యాస్ పొయ్యి మీద వండుకోండి, పచ్చడి సూర్యుడి మీద రుబ్బుకోండి. పని అయ్యాక ఇన్వర్టర్ స్విచ్ తప్పక ఆపండి. ఏమీ తగిలించకపోయినా అది ఓ పది వాట్లు లాగుతూనే ఉంటుంది. రోజంతా వదిలేస్తే రెండు వందల నలభై వాట్ అవర్లు.

లెక్క చూసుకుందాం. జూన్ మధ్యాహ్నం నూరులో వేడికి పద్నాలుగు, కంట్రోలర్‌కీ వైరుకీ కలిపి ఆరేడు పోతే డెబ్బై తొమ్మిదో ఎనభయ్యో బ్యాటరీకి చేరతాయి. డిసెంబరులో వేడి నష్టం పెద్దగా లేదు గాని వాలు వల్ల సగానికి దగ్గర పడతాయి. దుమ్ము పట్టి ఉంటే ఇంకాస్త. తెల్లవారుజామున, అద్దం చల్లగా ఉన్నప్పుడు, తడిగుడ్డతో తుడిస్తే చాలు. ఇంత లెక్కా రోజూ కాగితం మీద వేయనక్కరలేదు. బ్యాటరీ మైనస్ వైరులో షంట్ అనే చిన్న పరికరం పెడితే ఎంత వచ్చిందో, ఎంత పోయిందో ఫోన్‌లో చూపిస్తుంది. లిథియం బ్యాటరీకి ఇది తప్పనిసరి అనే అంటాను. తొంభై శాతం ఉన్నప్పుడూ ముప్పై శాతం ఉన్నప్పుడూ దాని వోల్టేజి ఇంచుమించు ఒకేలా ఉంటుంది, వోల్ట్ మీటరు చూసి ఏమీ చెప్పలేం.

హ్యూస్టన్ తమ్ముడి ట్రైలరు ఏడాదిలో ఎక్కువ రోజులు ఇంటిముందే ఉంటుంది. అక్కడుండేవాళ్లకు ఇంకో మాట. 2024 జూలైలో బెరిల్ తుఫాను వచ్చినప్పుడు ఆ ప్రాంతంలో ఇరవై లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. కొన్నిచోట్ల రోజుల తరబడి రాలేదు. అలాంటప్పుడు ఇంటిముందు ఆగి ఉన్న ట్రైలరు ఇంటిని నడపలేదు గాని, ఇంటర్నెట్ రూటరు, ఫోన్లు, రెండు లైట్లు, ఇన్సులిన్ పెట్టుకోవడానికి ఆ చిన్న ఫ్రిజ్, ఇవి ఎన్నాళ్లయినా నడుస్తాయి. తుఫాను హెచ్చరిక వినగానే నేల మీది ప్యానెల్‌ని లోపల పెట్టేసి, టాపు మీది బ్రాకెట్లు ఒకసారి చేత్తో కదిపి చూసి, గోడ ప్లగ్గు నుంచి బ్యాటరీ పూర్తిగా నింపుకోవాలి. గాలి తగ్గాక ప్యానెళ్ల మీద అంటుకున్న ఆకులు తీసేయడం మరిచిపోకండి.